తీగల కింద దూది

మా ఇంటికి వచ్చినవాళ్లు హాల్లో గోడకు ఆనించిన గిటారును చూసి ఒకసారి ఆశ్చర్యపోతారు. దగ్గరికి వెళ్లి, తీగల కింద వేలంత లావున తురిమిన దూదిని చూసి రెండోసారి ఆశ్చర్యపోతారు. లెక్కల టీచరు ఇంట్లో గిటారేమిటని మొదటి ఆశ్చర్యం. రెండోదానికి ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పుకుంటారు. కిందటి నెల గ్యాస్ సిలిండర్ తెచ్చినాయన "మేడమ్, ఇందులో ఎలక గూడు పెట్టినట్టుంది, పీకెయ్యమంటారా?" అంటూ చెయ్యి చాచాడు. నేను అరిచిన అరుపుకి పాపం సిలిండర్ వాకిట్లోనే వదిలేసి వెళ్లిపోయాడు. తర్వాత ఫోన్ చేసి ఏమనుకోవద్దని చెప్పుకున్నాను. నా నోరు అలాంటిది. ముందు అరిచేస్తుంది, తీరిగ్గా ఏడుస్తుంది. నేనిప్పుడు చెప్పబోయేది కూడా ఆ నోరు చేసిన నిర్వాకమే.

నాకు పెళ్లయ్యేనాటికి ఇరవై ఏళ్లు. మా పుట్టిల్లు పొదిలి పక్కన మెట్ట ఊరు. వానలు పడితే కంది వేసేవాళ్లం, పడకపోతే ఆకాశంకేసి చూసేవాళ్లం. మా ఆయన చిలకలూరిపేట దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో పనిచేసేవారు. చేలో తెల్లగా విచ్చుకునే పత్తికాయ నాకు తెలుసు. అది దారం కావడానికి ఎంత గోల పడుతుందో తెలియదు. దారం వడికే యంత్రాలు హాలు ఈ చివర నుంచి ఆ చివరి దాకా బారులు తీరి ఉంటాయని, వాటి మోతలో పక్కమనిషి కేకేసినా వినపడదని, అందుకే అక్కడివాళ్లు చేతి సైగలతో మాట్లాడుకుంటారని ఆయన చెబితే, కోతలు కోస్తున్నారనుకున్నాను.

పెళ్లయి ఇంకా పదహారు రోజులు నిండలేదు. ఆయన పొద్దుటి షిఫ్టు చేసి మధ్యాహ్నం మూడింటికి ఇంటికి వచ్చారు. మా అత్తగారు వీధిలో ఎవరింటికో మిరపకాయలకు తొడిమలు తీయడానికి వెళ్లారు. నేను పెరట్లో గిన్నెలు తోమడం ముగించి, మజ్జిగ గ్లాసు పట్టుకుని లోపలికి వచ్చాను. ఆయన చాప మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నారు. చేతులు రెండూ పక్కలకు చాచి ఉన్నాయి. జుట్టు మీద, కనుబొమల మీద తెల్లటి నుసి. రెండు చెవుల్లోనూ దూది.

అంతకు ముందు ఏడాదే మా తాతయ్య పోయారు. వసారాలో చాప మీద సరిగ్గా అలాగే పడుకోబెట్టి, ముక్కుల్లో చెవుల్లో దూది పెట్టారు. నాకు కళ్లముందు అదే కనిపించింది. గ్లాసు జారిపోయింది. నేను పెట్టిన కేకకి ఇరుగుపొరుగు వాళ్లంతా పరిగెత్తుకొచ్చారు. అంతమంది గదిలో చేరి తలా ఒక మాట అంటుంటే, ఎవరిదో కాలు తగిలి ఆయనకు మెలకువ వచ్చింది. మంచి నిద్ర, పైగా చెవుల్లో దూది, మా అరుపులేమీ వినపడలేదు. అందరి మొహాలూ చూసి "ఏంటి, ఏమైంది? ఎవరికేమైంది?" అని అడిగారు. అందరూ పడీ పడీ నవ్వారు. కొత్త కోడలి భయం ఆ వీధికి నెల రోజులు కాలక్షేపం అయింది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. అందరూ వెళ్లాక తలుపు వేసి ఆయన ముందు కూర్చున్నాను.

"ఇంకెప్పుడూ చెవుల్లో దూది పెట్టుకోనని నా మీద ఒట్టెయ్యండి."

"ఒసేయ్, ఆ మిషన్ల మోత ఎట్టా ఉంటదో తెలుసా నీకు? తలకాయ దిమ్మెక్కిపోద్ది. అందరం పెట్టుకుంటాం."

"అవన్నీ నాకు తెలీదు. పుస్తెలు కట్టి పదహారు రోజులైనా కాలేదు, శవం లాగా దూది పెట్టుకుని పడుకుంటారా ఎవరైనా? ముందు ఒట్టెయ్యండి."

ఆయన దూది రెండు ముక్కలూ తీసి నా చేతిలో పెట్టారు. నవ్వుతూ నా తల మీద చెయ్యి వేశారు. "సరే, నీ మీద ఒట్టు. ఇంక పెట్టుకోను. ఏడవమాకు."

నేను కోరుకున్నది ఇంటికి వచ్చేటప్పుడు దూది తీసేసి రమ్మని. అంతే. నా నోట్లోంచి వచ్చింది మాత్రం "ఎప్పుడూ" అనే మాట. ఆయన మాట మనిషి. నేను ఏ మాట అడిగానో ఆ మాటే నిలబెట్టుకున్నారు.

ఆ తర్వాత మా కాపురం బాగానే సాగింది. ఆయనే నన్ను డిగ్రీకి కట్టించారు, బీఈడీ చేయించారు. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను. మిల్లు సైగలు నాకూ నేర్పారు. రెండు వేళ్లు నలిపితే దారం తెగిందని. పిడికిలి నోటి దగ్గరికి తెస్తే టీ తాగుదామని. అరచెయ్యి నెత్తిన పెట్టుకుంటే సూపర్‌వైజరు వస్తున్నాడని. మా అత్తగారు వస్తుంటే ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకునేవారు. నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయేదాన్ని. ఆవిడ పోయేదాకా ఆ సంగతి ఆవిడకి తెలియలేదు.

నేను పాడేదాన్ని. పెద్ద సంగీతం ఏమీ కాదు. మా అమ్మమ్మ దగ్గర విని పట్టుకున్న నాలుగు లాలిపాటలు. గొంతు సన్నగా, పైస్థాయిలో ఉండేది. మా అమ్మాయిని ఉయ్యాల్లో వేసి పాడుతుంటే, షిఫ్టు దిగి వచ్చిన ఆయన కాళ్లు కూడా కడుక్కోకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడి వినేవారు. పిల్ల నిద్రపోయాక నేను ఆపేస్తే "అది పడుకుంది సరే, నా సంగతేంటి?" అనేవారు. పిల్ల పెద్దదై ఉయ్యాల విప్పేశాక కూడా ఆ పాటలు మానలేదు. వంట చేస్తూ పాడితే ఆయన వంటింటి గడప దగ్గర స్టూలు వేసుకుని పేపరు చదువుకునేవారు. పేపరు తిప్పేవారు కాదు. అందుకే వింటున్నారని నాకు తెలిసేది.

ఆయన గొంతు ఏటికేడాది పెద్దదవుతూ వచ్చింది. దానికి ఎవరూ ఏమీ అనుకోలేదు. మా వైపు మామూలుగా మాట్లాడుకుంటేనే కొత్తవాళ్లు కొట్టుకుంటున్నారేమో అనుకుంటారు. టీవీ సౌండు పెరిగింది. పిలిస్తే రెండుసార్లు పిలవాల్సి వచ్చేది. మగవాళ్లందరూ అంతే కదా, పెళ్లాం మాట ఒకసారికి ఎవరికి వినపడుతుంది అని స్టాఫ్ రూములో నవ్వుకునేవాళ్లం.

మా అమ్మాయి ఇంజనీరింగ్ ఆఖరి ఏడు చదువుతున్నప్పుడు, ఒక ఆదివారం పొద్దున నేను దోసకాయ తరుగుతూ పాడుతున్నాను. ఆయన ఎప్పటిలాగే గడప దగ్గర పేపరు చదువుతున్నారు. నాకూ ఆయనకీ మధ్య నాలుగడుగుల దూరం లేదు. ఆయన పేపరు మడిచి, నాకేసి చూసి అడిగారు.

"ఈ మధ్య పాడటం మానేశావేంటే?"

నేను అప్పుడు పాడుతున్నాను. చరణం మధ్యలో ఉన్నాను. కత్తిపీట పక్కన పెట్టి, స్టవ్ ఆర్పేసి, ఆయన మొహంలోకి చూశాను. ఆయన వేళాకోళం ఆడటం లేదు.

ఆ వారంలోనే గుంటూరు తీసుకెళ్లాను. చెవి డాక్టరు ఆయన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి ఏవేవో శబ్దాలు వినిపించి, ఒక గ్రాఫ్ గీసి ఇచ్చారు. లెక్కల టీచర్ని కదా, గ్రాఫ్ ఎటు పోతోందో ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. గీత ఎడమ కొసన కాస్త బాగానే ఉండి, కుడి కొసకి వచ్చేసరికి కిందికి పడిపోయింది. సన్నటి శబ్దాలు ముందు పోతాయట. ఆడవాళ్ల గొంతులు, పిల్లల గొంతులు, పిట్టల కూతలు. లావుపాటి శబ్దాలు ఇంకా మిగిలాయట. అలా అని గట్టిగా వినిపిస్తే సరిపోదట. కీచుగా ఉండే శబ్దం పెద్దదైతే ఆ చెవులకి నొప్పి పుడుతుందట.

"అంత మోతలో ఇన్నేళ్లు పనిచేశారు, చెవులకి ఏమీ పెట్టుకోలేదా?" అని డాక్టరు గట్టిగా అడిగారు. "కనీసం దూదైనా?"

ఆయన ఒక్క క్షణం నాకేసి చూశారు. తర్వాత డాక్టరు వైపు తిరిగి "లోపల ఉక్కపోతండి. చెమటకి నిలిచేది కాదు" అన్నారు.

దూది చెమటకి నిలవకపోవడమేమిటి? అందరం పెట్టుకుంటామని ఒకప్పుడు ఆయనే అన్నారు. అప్పుడు తెలిసింది నాకు. ఆయన ఇంట్లోనే కాదు, మిల్లులో కూడా ఆ ఒట్టు నిలబెట్టుకున్నారు. తోటివాళ్లందరూ చెవుల్లో దూది కుక్కుకుని నిలబడ్డ హాల్లో, ఆయన ఒక్కరూ ఉత్త చెవులతో ఇరవై మూడేళ్లు నిలబడ్డారు. నేను ఇరవై ఏళ్ల వయసులో ఒక మధ్యాహ్నం జడుసుకున్నందుకు. పైగా ఇప్పుడు నన్ను డాక్టరు ముందు దోషిని చేయకుండా ఉక్కపోత మీదికి తోసేశారు.

తర్వాత రిపోర్టుల కోసం ఒక్కదాన్నే వెళ్లినప్పుడు డాక్టరు గారిని అడిగాను. ఉత్త దూది పెద్దగా ఆపదమ్మా, ఏదో కాస్త తగ్గించేదేమో అన్నారు. ఓదార్పుగానే అన్నారు. నాకు మాత్రం ఆ 'కాస్త' దగ్గరే ప్రాణం ఆగిపోయింది. నా పాట వినడానికి ఆ కాస్త చాలేది కాదా అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

మా క్లాసులో పిల్లలు రోజుకి పది ఒట్లు వేసుకుంటారు. గంట కాకముందే "ఒట్టు తీసి గట్టు మీద పెట్టు" అనుకుని మళ్లీ ఆడుకుంటారు. నేను ఆయనకు చెప్పాల్సింది ఆ ఒక్క ముక్కే. తప్పు నాది, నన్ను క్షమించండి, ఒట్టు తీసేశాను అని. కానీ ఆయనకు వినపడాలంటే అరవాలి. క్షమాపణ అరిచి చెప్పేది కాదు. బస్సులో చెబుదామంటే చుట్టూ జనం. ఇంట్లో చెబుదామంటే పక్కింటికీ మాకూ ఒకటే గోడ. సైగలతో చెబుదామంటే మిల్లు సైగల్లో దారం తెగిందని చెప్పొచ్చు, టీ తాగుదామని చెప్పొచ్చు. క్షమించమని చెప్పే సైగ లేదు. చివరికి కాగితం మీద రాశాను. చదువుకుంటే సెలవు చీటీలా ఉంది. చించేశాను.

ఆయన మిల్లు మానేసి మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో రిజిస్టరు రాసే పనికి కుదిరారు. చెవికి మిషన్ పెట్టించాం. పది రోజులు పెట్టుకున్నారు. "నీ గొంతు వినపడుతుంది గానీ, స్టీలు గిన్నెలో గరిట గీకినట్టుందే" అని తీసి సొరుగులో పెట్టేశారు. ఆ తర్వాత నేను ఇంట్లో పాడలేదు. వినే మనిషి లేని పాట ఎవరి కోసం?

ఇప్పుడు గిటారు సంగతి. అది మా అమ్మాయిది. కాలేజీలో ఉండగా కొనుక్కుని, రెండు నెలలు టింగుటింగుమనిపించి, బీరువా మీద పడేసింది. పెళ్లయి ఒంగోలు వెళ్లేటప్పుడు "అమ్మేసెయ్ అమ్మా" అంది. ఒకరోజు బీరువా మీద దుమ్ము దులుపుతుంటే నా చేతిలో గుడ్డ తగిలి దాని లావు తీగ మోగింది. కుర్చీలో కూర్చున్న ఆయన తల తిప్పి చూశారు.

నేను పిలిస్తే తల తిప్పి ఎన్ని నెలలైందో. మళ్లీ మీటాను. మళ్లీ చూశారు. "ఏంటది, బాగుందే" అన్నారు.

నలభై అయిదేళ్లు దాటిన వయసులో నేను గిటారు ఎందుకు పట్టానని అడిగేవాళ్లకి జవాబు ఇదే. నా గొంతు ఆయనకు అందే చోటు దాటిపోయింది. ఆ లావు తీగ ఇంకా అందుతోంది. నా నాలుగు పాటల్నీ దాని మీదికి దించుకుంటే, నేను చెప్పలేకపోయిన మాటకి బదులు అదన్నా వినిపించొచ్చు అనుకున్నాను. ఫోనులో పాఠాలు చూసి నేర్చుకున్నాను. ఎక్కం అప్పజెప్పినట్టు వాయించేదాన్ని, అయినా పాట పోల్చుకునేలా ఉండేది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ గిటారు గొంతు మహా పదును. మా అమ్మాయి అలాంటిదే ఏరి కొనుక్కుంది, స్నేహితుల మధ్య గణగణమని వినపడాలి కదా. లావు తీగ మీటినా దాని వెనకే ఒక సన్నటి లోహపు కీచు వచ్చేది. సన్న తీగల సంగతి చెప్పనే అక్కర్లేదు. రెండు వరుసలు వాయించేసరికి ఆయన కళ్లు చికిలించి, నొచ్చుకున్నట్టు కనపడకుండా ఉండాలని "కాస్త గాలికి వెళ్లొస్తా" అంటూ బయటికి నడిచేవారు. నేను గిటారు ఒళ్లో పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చునేదాన్ని.

గుంటూరులో వాయిద్యాల దుకాణం పెట్టుకున్న ఒకాయన దగ్గరికి దాన్ని మోసుకెళ్లాను. ఆదివారాలు చర్చిలో వాయిస్తాడట. రెండుసార్లు మీటి, పెదవి విరిచాడు.

"ఇది గలగలలాడే రకమండి. దీన్ని నెమ్మదిగా మాట్లాడించాలంటే మీరే నెమ్మదించాలి. ఈ మీటే ప్లాస్టిక్ బిళ్ల పక్కన పారెయ్యండి. బొటనవేలి కండతో మీటండి, గోరు తగలనియ్యొద్దు. చెయ్యి ఈ అడుగున కాదు, పైకి, మెడ వైపుకి జరపండి. శ్రుతి రెండు మెట్లు దించుకోండి. ఇంకోటండి, తీగలు ఊరికే మార్చమాకండి. కొత్త తీగలు కేకలేస్తాయి. నాలుగు నెలలు చేతి చెమట తాగితే వాటంతట అవే అణుగుతాయి."

నెమ్మదించడం నాకు పుట్టుకతో రాని విద్య. అయినా గోళ్లు కత్తిరించుకున్నాను. చెయ్యి మెడ వైపు జరిపాను. శ్రుతి దించాను. అప్పుడు మిరపకాయల రోజులు. ఏడాదికి సరిపడా కారం కొట్టించాలని కాయలు తెప్పించి, తొడిమలు తీయడానికి కూర్చున్నాను. తీగలు కోసి వేలి కొనలు పచ్చిగా ఉన్న సంగతి మరిచిపోయాను. మంటకి కెవ్వుమని, పది వేళ్లూ మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చుంటే, ఆయన వచ్చి చూసి నవ్వారు. చాలా రోజుల తర్వాత నవ్వారు. ఒక్కో వేలూ తీసి ఊదుతూ "ఎందుకే ఈ వయసులో నీకీ పీకులాట?" అన్నారు. మీ కోసమే అని ఆయనకు వినపడనంత మెల్లిగా అన్నాను.

నాలుగు నెలలకి తీగలు నిజంగానే అణిగాయి. ఆయన బయటికి వెళ్లడం మాని అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టారు. ఇంకో నెలకి గుమ్మం దాకా వచ్చారు. అక్కడ ఆగిపోయారు. సన్న తీగ దగ్గరికి పాట వచ్చినప్పుడల్లా మొహం ముడుచుకునేది. దుకాణం ఆయనకు ఫోన్ చేస్తే, తీగలు వచ్చి దిగే చెక్క దగ్గర వాటి కింద మెత్తటిది ఏదైనా పెట్టి చూడమన్నాడు. గిన్నెలు తోమే స్పాంజి కోసి పెట్టాను. బల్ల మీద కొట్టినట్టు చప్పుడు చచ్చిపోయింది. చేతి రుమాలు మడిచి పెట్టాను. రెండు నిమిషాలకోసారి జారిపోయింది. రుమాలు తీసి నేలకేసి కొట్టాను.

గుమ్మంలోంచి ఇదంతా చూస్తున్న ఆయన లేచి దేవుడి గదిలోకి వెళ్లారు. వత్తులు చేసుకునే దూది ప్యాకెట్టు తెచ్చారు. అందులోంచి కాస్త లాగి, రెండు బొటనవేళ్ల మధ్య పట్టి సాగదీసి, వెలుతురులో చూశారు. మిల్లు మనిషి కళ్లు అప్పుడే కనిపించాయి నాకు.

"పొట్టి పింజ. పోగులో పొడుగు లేదు, చిట్లిపోద్ది. ఉండు, రేపు మంచిది తెస్తా."

మర్నాడు పాత స్నేహితుడు పనిచేసే, పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లుకి వెళ్లి, బిస్కెట్ల డబ్బా నిండా పొడుగు పింజ దూది తెచ్చారు. నా ముందు కూర్చుని, గుప్పెడు తీసి విడదీసి, అరచేతుల మధ్య దొర్లించి, చిటికెన వేలంత లావున తాడులా పేనారు. చీపురుపుల్లతో దాన్ని ఆరు తీగల కిందికీ మెల్లిగా తోశారు. ఎక్కడా హెచ్చుతగ్గులు లేవు. నేను కదలకుండా కూర్చున్నాను. నా వల్ల వదిలేసిన దూదిని మళ్లీ ఆయన చేతుల్లో చూస్తున్నాను.

"ఇప్పుడు వాయించు. ఆగాగు. కొంచెం వెనక్కి జరపాలి. ఆఁ, ఇప్పుడు."

మీటాను. కీచు లేదు. లోహం లేదు. కుండలోంచి మాట్లాడినట్టు గుండ్రటి, తక్కువ స్థాయి నాదం, కాసేపు నిలిచి తనంతట తాను ఆగింది. సన్న తీగ కూడా తలవంచుకుని పలికింది. లాలిపాట మొదటి వరుస వాయించాను. ఆయన స్టూలు నా పక్కకి లాక్కుని, ఎడమ చెవి గిటారు వైపు వంచి కూర్చున్నారు. పాట అయ్యేదాకా కదల్లేదు. అయ్యాక ఎప్పటిలాగే వీధంతా వినపడేలా అన్నారు.

"ఇప్పుడు నువ్వు పాడినట్టుందే."

నేను గిటారు మీదికి వంగి ఏడ్చాను. అప్పుడన్నా చెప్పాలి. "ఏవండీ, ఆ ఒట్టు" అన్నాను. నా గొంతు ఏడుపులో ఇంకా సన్నబడింది. ఆయనకు వినపడలేదు. "ఇంకోసారి వాయించు" అన్నారు. వాయించాను.

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు రోజూ సాయంత్రం టీ తాగాక ఆయన స్టూలు వేసుకునేవారు. దూది నలిగితే ఆయనే డబ్బా తీసి కొత్తది పేనేవారు. పిడికిలి నోటి దగ్గర పెట్టి టీ అడిగి, తర్వాత బొటనవేలితో గాల్లో మీటి చూపించేవారు. ఆ సైగ మిల్లుది కాదు, మా ఇద్దరిది. నేను చెప్పాల్సింది మాత్రం రేపటికి, ఎల్లుండికి వాయిదా వేస్తూ వచ్చాను. మనిషి సంతోషంగా ఉన్నారు, ఇప్పుడు పాతవి తవ్వడమెందుకు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది పిరికితనం. ఆయన మీద ప్రేమ అని పేరు పెట్టుకున్నాను.

ఒక పొద్దున స్కూలుకి తయారవుతున్నాను. పెరట్లో బట్టల తీగ సాగిపోయిందని బిగిస్తున్న ఆయన, గుండె పట్టుకుని అక్కడే కూర్చుండిపోయారు. గుంటూరు ఆస్పత్రికి చేరేలోపే పోయారు. కారులో నా ఒళ్లో తల పెట్టుకుని ఉండగానే పోయారు. దారంతా ఏవేవో అరిచాను. చెప్పాల్సినది తప్ప అన్నీ అరిచాను.

మధ్యాహ్నానికి చుట్టాలంతా వచ్చారు. ఆయన్ని హాల్లో చాప మీద పడుకోబెట్టారు. చేతులు రెండూ పక్కలకు చాచి ఉన్నాయి. మా బావగారు, అంటే ఆయన అన్నగారు, నా దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగారు.

"అమ్మాయ్, ఇంట్లో దూది ఉందా?"

దేవుడి గదిలో వత్తుల ప్యాకెట్టు ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు. గిటారు పక్కనున్న బిస్కెట్ల డబ్బా తెచ్చాను. బావగారు చెయ్యి చాపితే "నేను పెడతాను" అన్నాను. నువ్వు పెట్టకూడదమ్మా అని వెనక నుంచి ఎవరో అన్నారు. నేను విననట్టే ఆయన తల దగ్గర కూర్చున్నాను.

డబ్బాలోంచి దూది తీసి, ఆయన చేసినట్టే విడదీసి, అరచేతుల మధ్య దొర్లించాను. పెట్టేముందు ఆయన ఎడమ చెవి దగ్గరికి వంగాను. అదే కాస్త బాగా వినపడే చెవి. ఆయనతో ఎప్పుడూ ఎలా మాట్లాడేదాన్నో అలాగే, హాల్లో వాళ్లందరూ ఉలిక్కిపడేలా గట్టిగా అన్నాను.

"తప్పు నాదండీ. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను."

మా అమ్మాయి నా భుజం పట్టుకుంది. నాకు మతి చెదిరిందని అందరూ అనుకున్నట్టున్నారు. రెండు చెవుల్లోనూ నా చేత్తోనే దూది పెట్టాను. ఇరవై ఎనిమిదేళ్ల కిందట పెట్టాల్సింది.